కింద తాడు పట్టే మనిషి

బావ పొద్దున్నే దిగాడు, చేతిలో ఖాళీ సంచితో. చుట్టపుచూపుగా వచ్చేవాడు పండో కాయో పట్టుకొస్తాడు గానీ ఖాళీ సంచి పట్టుకొస్తాడా? తీసుకుపోవడానికే వచ్చాడని మేస్త్రికి చూడగానే అర్థమైంది. తీసుకుపోయేది సామాను కూడా కాదు, మేస్త్రి పెళ్ళాన్ని.

మేస్త్రి అంటే గోడలు కట్టే మేస్త్రి కాదు. చెట్లు కొట్టే కాంట్రాక్టరు. ఇళ్ళ మీదికి ఒరిగినవీ, కరెంటు తీగల్లో తల దూర్చినవీ, మొదలు పుచ్చి నేడో రేపో అన్నట్టున్నవీ, అలాంటి చెట్లను ఎవరికీ దెబ్బ తగలకుండా ముక్కలు ముక్కలుగా కిందికి దించడం ఆయన పని. "చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునేవాళ్ళని చూశాం గానీ, చెట్టునే నరికి బతికేవాణ్ణి నిన్నే చూశా బావా" అని పెళ్ళయిన కొత్తలో ఏడిపించేవాడు బావ. బావ దర్జీ, ఆమెకు సొంత అన్న. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా గంటల తరబడి మాట్లాడగలడు. అలాంటివాడు ఆ పొద్దున గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, ఒక్క ముక్కే మాట్లాడాడు.

"చెల్లెల్ని నాతో పంపించు బావా."

ఆమె లోపల కడిగిన గ్లాసులనే మళ్ళీ కడుగుతోంది. మేస్త్రి వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. ఆయన ఇటు తిరగ్గానే మళ్ళీ నీళ్ళ చప్పుడు వినిపించింది.

మతిమరుపు జబ్బు. ముసలిదై వచ్చిందా అంటే అదీ కాదు, జుట్టింకా సగం నల్లగానే ఉంది. మొదట్లో పొయ్యి మీద పాలు మరిచిపోయింది. తర్వాత పొయ్యే మరిచిపోయింది. ఒకసారి కూరగాయలకని వెళ్ళి, మన వీధి ఎటని అడిగితే పక్కింటావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు, ఇది పెరిగేదే గానీ తరిగేది కాదని. ఆయన చెప్పింది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మేస్త్రి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎవరు అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "ఇంట్లో మరిచిపోతుంది గానీ, తాడు దగ్గర మరిచిపోదు."

బావ దగ్గరా అదే అన్నాడు.

"నీకేమైనా పిచ్చా బావా?" దర్జీ గొంతు పెరిగింది. "చెట్టు కొట్టే చోటికి పిల్లల్ని రానివ్వవు, కుక్కను రానివ్వవు. మతి లేని మనిషిని తీసుకెళ్ళి దాని కింద నిలబెడతావా?"

"మతి లేదనకు."

"అనకపోతే వస్తుందా మతి?"

మేస్త్రికి పిల్లల్లేరు. ఆమెను ఒంటరిగా వదిలి పనికి పోలేడు, పనికి పోకుండా ఉండలేడు. అన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటుంది, అది బావకు ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఆమె వెళ్ళిపోతే ఆ ఇంట్లో తను ఎలా ఉండాలి? ఆ మాట నోట్లోకి వచ్చింది గానీ, మగాడు కదా, మింగేశాడు.

"ఇవాళ ఒక్క రోజు నాతో రా బావా. పని దగ్గర చూడు దాన్ని. సాయంత్రం కూడా తీసుకుపోతాననే అన్నావనుకో, నేను అడ్డం రాను."

"తర్వాత మాట మార్చవు కదా?"

"మార్చను."

అలా ముగ్గురూ వ్యాను ముందు సీటులో ఇరుక్కుని బయల్దేరారు. కొమ్మలు మోసే మనుషులిద్దరూ వెనక తాళ్ళ కట్టల మీద కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న ఆమె, అన్నయ్య చొక్కా అంచు పట్టుకుని కుట్టు చూసి, "ఎవరు కుట్టారిది? వంకరగా ఉంది" అంది. ఆ చొక్కా కుట్టింది దర్జీయే. కొమ్మలు మోసేవాళ్ళు పగలబడి నవ్వారు, దర్జీ కూడా నవ్వాడు.

చెట్టు ఒక ఇంటి పెరట్లో ఉంది. నిద్రగన్నేరు. మొదట్లో పిడికిలి పట్టేంత తొర్ర, అందులోంచి గోధుమరంగు పొట్టు రాలుతోంది. ఒక పెద్ద కొమ్మ స్నానాలగది రేకుల మీదుగా సాగి ఉంది. ఇంటావిడ గుమ్మంలోనే పట్టుకుంది. "చెట్టు పోతే పోయింది, నా పూలకుండీల్లో ఒక్కటి పగిలినా ఊరుకోను" అని వేలు చూపించి మరీ చెప్పింది. మేస్త్రి అలాగే అని తలూపి, ఆ కుండీలను ఆమె కళ్ళ ముందే అవతలి గోడ వారకు జరిపించాడు.

ఈ పనిలో పైనున్నవాడు ఎంత, కిందున్న మనిషీ అంత. పైవాడు కొమ్మకు తాడు కడతాడు. ఆ తాడు పై పంగలోంచి కిందికి వచ్చి, చెట్టు మొదలు చుట్టూ చుట్లు తిరిగి, కింది మనిషి చేతిలో ఆగుతుంది. కొమ్మ తెగగానే బరువంతా ఆ తాడు మీద పడుతుంది. కింది మనిషి మడమలు నేలకు తన్నిపెట్టి, తాడును కొంచెం కొంచెంగా జార్చాలి. పైనుంచి కింద ఏముందో కనిపించదు, అంతా ఆకులే. అందుకని మాటే ఆధారం. "పట్టావా?" అని పైవాడు అడగాలి, "పట్టా!" అని కింది మనిషి పలకాలి. ఆ పలుకు వినబడందే రంపం పళ్ళు కొమ్మకు తగలకూడదు. పలికాక కింది మనిషి, మిన్ను విరిగి మీద పడ్డా సరే, నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. బరువు మధ్యలో తాడు వదిలి పారిపోయినవాడు పైవాణ్ణి చంపినట్టే.

పూర్వం ఒక కూలివాడు తాడు పట్టేవాడు. వాడు ఒకరోజు అలాగే పారిపోతే, ఊగిన కొమ్మ మేస్త్రిని మోకులతో సహా చెట్టుకేసి కొట్టింది. చాలా కాలం మంచం దిగలేదు. లేచి మళ్ళీ పనికి బయల్దేరిన రోజు ఆమె ఇంటికి తాళం వేసి వెంట వచ్చేసింది. "నా మొగుడి ప్రాణం పరాయివాడి చేతిలో ఎందుకు పెడతాను? ఆ తాడేదో నాకే నేర్పండి" అంది. ఆయన నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆయన కంటే ఆమెకే బాగా వచ్చింది. ఎంత కొమ్మనైనా నిద్రపోతున్న పిల్లను పక్కలో వేసినట్టు నేలకు దించేది. కొమ్మలు మోసేవాళ్ళు ఆమెను తాడక్క అంటారు. మేస్త్రి మీద కూడా అంత గౌరవం లేదు వాళ్ళకు.

ఆ పొద్దున కూడా అలాగే జరిగింది. తాడు చేతికి రాగానే ఆమె వేరే మనిషి అయిపోయింది. గ్లాసులు కడిగిన చేతులేనా ఇవి అనిపించింది దర్జీకి. తనంతట తనే మొదలు చుట్టూ చుట్లు వేసింది, తొర్ర ఉన్న వైపు తాడు ఒరుసుకోకుండా గోనెపట్ట అడ్డం పెట్టింది, మడమలు ఆనించి తల పైకెత్తింది.

"పట్టావా?"

"పట్టా!"

కొమ్మ తెగింది, తాడు మూలిగింది, ఆకుల మోపు మెల్లగా దిగి ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. దర్జీ నోరు వెళ్ళబెట్టుకుని చూస్తూ, సాయం చేద్దామని ఒక అడుగు ముందుకు వేశాడు.

"అన్నయ్యా, తాడు దాటకు! కాళ్ళు విరుగుతాయి!" అని కసిరింది ఆమె.

"అబ్బో, నన్ను తిట్టింది!" అని దర్జీ పొంగిపోయాడు. చెల్లెలు తనను అన్నయ్యా అని పిలిచి తిట్టి ఎన్నాళ్ళైందో. కళ్ళు తుడుచుకోవడం కొమ్మలు మోసేవాళ్ళు చూస్తారేమోనని గోడ వైపు తిరిగాడు. అంతా కొమ్మ మీదనుంచి మేస్త్రికి వినబడుతూనే ఉంది. ఆయన గుండె తేలికపడింది. నేను చెప్పలా? అని ఎవరితోనో కాదు, తనతో తనే అనుకున్నాడు.

మధ్యాహ్నం పెరటి అరుగు మీద అన్నం డబ్బాలు విప్పారు. ఆమె అందరికీ పెట్టింది. మేస్త్రికి పెట్టి, పెట్టిన సంగతి మరిచి మళ్ళీ పెట్టింది. ఆయన మాట్లాడకుండా ఆ రెండోదీ తిన్నాడు. బావ చూశాడేమోనని ఓరగా చూశాడు కూడా. చూసినా దర్జీ చూడనట్టే ఉన్నాడు.

చెయ్యి కడుక్కుంటూ దర్జీ అన్నాడు, "ఓడిపోయా బావా. నువ్వే గెలిచావు. మా ఆవిడ పొద్దున్నే మంచం వాల్చి దుప్పటి కూడా పరిచింది. వద్దులే, తియ్యమని ఫోన్ చేసి చెబుతా."

"కాస్త నవ్వుతూ చెప్పు బావా, లేకపోతే ఏదో గొడవ జరిగిందనుకుంటుంది."

"నవ్వకేం? నీ పెళ్ళాం నన్ను తిట్టిందని చెప్పి మరీ నవ్వుతా."

పెరట్లో సిగ్నల్ అందక దర్జీ వీధిలోకి వెళ్ళాడు. పొద్దుటి కొమ్మలు ఎత్తుకుని కూలీలిద్దరూ వ్యాను దగ్గరికి వెళ్ళారు. మేస్త్రి పెళ్ళాన్ని మొదలు దగ్గరికి నడిపించి, తాడు ఆమె చేతిలో పెట్టి, చుట్లు సరిచూసి, అప్పుడు ఎక్కడం మొదలుపెట్టాడు. మిగిలింది స్నానాలగది మీది కొమ్మ. చాలా రోజుల తర్వాత ఎక్కుతూ ఈల వేశాడు.

కొమ్మ చివరిదాకా పాకి, తాడు బిగించి, మళ్ళీ కొమ్మ మొదట్లోకి వెనక్కి వచ్చి, నడుం బెల్టు సరిచూసుకుని, చేతి రంపం తీసుకున్నాడు. దీనికంతటికీ కొంత సమయం పట్టింది.

"పట్టావా?"

"పట్టా!"

మొదటి రోజు ఎలా పలికిందో అలాగే పలికింది. సందేహం లేదు, తడబాటు లేదు. మేస్త్రి కోశాడు.

కొమ్మ చిటపటలాడి ఒరిగింది. ఎప్పుడైతే ఒరిగిందో అప్పుడే తెలిసిపోయింది ఆయనకు. తాడు బిగుసుకోలేదు. పంగలోంచి బుసకొడుతూ పరిగెత్తింది, దాని వట్టి చివర మొహం పక్కనుంచి కొరడాలా పోయింది. కింద రేకులు పగిలిన చప్పుడు, నేల అదిరిన చప్పుడు, ఆ తర్వాత దుమ్ము. అంతలో ఆ దుమ్ములోంచి ఆమె గొంతే వచ్చింది.

"పట్టా! కొయ్యండి!"

ఆయన ఎలా దిగాడో ఆయనకే తెలియదు. అరచేతుల తోలు ఊడింది, అదీ తర్వాత చూసుకున్నాడు. మొదలు దగ్గర ఎవరూ లేరు. ఆమె స్నానాలగది పక్కన, కొమ్మ ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడ ఉంది. ఇంటావిడ బట్టలారేసుకునే తాడు ఒక కొసను గోడ మేకు నుంచి విప్పి, ఇనప స్తంభానికి చుట్లు వేసి, రెండు చేతులతో లాగిపట్టుకుని నిలబడి ఉంది. చుట్లు ఎన్ని వేయాలో అన్నే వేసింది. మడమలు నేలలో ఎలా దిగాలో అలాగే దిగాయి. విరిగిన కొమ్మ కొస ఆమె భుజానికి జానెడు దూరంలో నేలలో గుచ్చుకుని ఉంది. నుదుటి మీద గీరుకుపోయి సన్నగా నెత్తురు కారుతోంది. ఆమె మాత్రం తల పైకెత్తి, ఇప్పుడిక కొమ్మే లేని ఆకాశంలోకి చూస్తోంది.

"ఏమైందండీ, ఇంకా కొయ్యరేం?" అని పైకి అడిగింది.

ఇంటావిడ అరుచుకుంటూ బయటికి వచ్చింది. రేకుల సంగతి ఎత్తబోయి, బట్టల తాడు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయింది. ఏం అర్థమైందో ఏమో, లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి నెత్తురు తుడిచింది. మేస్త్రి ఇనప స్తంభానికున్న చుట్లు ఒక్కొక్కటీ విప్పాడు. ఆమె చేతులు మాత్రం విప్పడానికి చాలాసేపు పట్టింది.

దర్జీ ఫోన్ చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. చెల్లెల్ని తల నుంచి కాళ్ళదాకా తడిమి చూశాడు. "భూమ్మీద నూకలున్నాయి తల్లీ నీకు" అని ఏడ్చాడు. తర్వాత మేస్త్రిని చూసి దర్జీకి ఇంకా ఏడుపొచ్చింది. మంచివాడు. అందుకే ఆ సమయంలో కూడా, "తప్పు నాది బావా. ఫోన్ చేసుకోడానికి వెళ్ళకుండా పక్కనే ఉండాల్సింది. రేపటినుంచి నేనే వచ్చి పక్కన నిలబడతా. కొట్టు కట్టేసి వస్తా" అన్నాడు.

మేస్త్రి అరుగు మీద కూర్చున్నాడు.

"అది అబద్ధం చెప్పలేదు బావా. ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళా చెప్పలేదు. పట్టా అంది, పట్టుకునే ఉంది. కొమ్మ మీదికి వస్తుంటే కనీసం పక్కకైనా జరగలేదు. తాడు పట్టాక కదలకూడదని దానికి నేర్పింది నేనే. అన్నీ మరిచిపోయింది గానీ, అదొక్కటి మరిచిపోలేదు." తోలు ఊడిన అరచేతులు చూసుకున్నాడు. "తీసుకుపో బావా."

దర్జీ ఏదో అనబోయాడు. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

చెట్టు మొండెం అలాగే వదిలేసి ఇంటికొచ్చారు. రేకులు మర్నాడు తనే వేయిస్తానని మేస్త్రి ఇంటావిడకు చెప్పాడు, ఆవిడ సరేనని తలూపింది. ఇంట్లో ఆమె బట్టలు సర్దింది కూడా ఆయనే. ఏవి మంచివో ఏవి ఇంట్లో కట్టుకునేవో ఆయనకు తెలియదు, అన్నీ పెట్టాడు. దువ్వెన పెట్టాడు, మందులు పెట్టాడు. పెడుతూ బావకు చెబుతూనే ఉన్నాడు.

"టీ వేడిగా ఇవ్వకు, నోరు కాల్చుకుంటుంది. చల్లారాక ఇయ్యి. తలుపు గడియలు తీసేయించు, లోపల వేసుకుని తియ్యడం రాక భయపడుతుంది. రాత్రిపూట మీ ఆవిణ్ణి పక్కన పడుకోమను. నిద్రలో చెయ్యి పట్టుకుంటుంది. విడిపించుకోవద్దని చెప్పు బావా. కొంచెం నొప్పిగానే ఉంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. అయినా విడిపించుకోవద్దని చెప్పు."

"చెబుతా బావా."

"ఆదివారాలు నేనొస్తా."

"ఆదివారమేంటి, రోజూ రా. ఎవడొద్దన్నాడు?"

ఆటో వీధి గుమ్మం ముందు ఆగింది. దర్జీ ముందు ఎక్కి చెయ్యి అందించాడు. ఆమె బుద్ధిగా ఎక్కి కూర్చుంది. ఇంజను మొదలవగానే గబుక్కున దిగేసింది. దర్జీ కూడా వెనకే దిగాడు.

"నేను రాను అన్నయ్యా. ఆయన ఇంకా చెట్టు మీదే ఉన్నారు. కింద ఎవరూ లేరు."

"చెట్టు మీదేంటే? బావ ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నాడు కదా!"

ఆమె మేస్త్రిని చూసింది. మర్యాదగా, పరాయి మగాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏమే, నేనేనే..." అని మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఏమే అని చెయ్యి పట్టబోతే ఏ ఆడమనిషైనా ఏం చేస్తుందో అదే చేసింది ఆమె. భయపడి అన్నయ్య వెనక్కి జరిగింది. అయినా ఆపద అలాంటిది కాబట్టి, ధైర్యం చేసి ఆ పరాయి మనిషినే బతిమాలుకుంది.

"అన్నయ్యగారూ, మీరైనా వీళ్ళకు చెప్పండి. ఆయన పైనుంచి పిలిస్తే పలకడానికి మనిషి ఉండొద్దూ?"

జీవితంలో ఎన్నో చెట్లు ఎక్కాడు మేస్త్రి, ఎన్నో సార్లు పడబోయి ఆగాడు. ఈ దెబ్బకు మాత్రం పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. దర్జీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆటోవాడు ఇంజను ఆపేశాడు. ఆమె మాత్రం జవాబు కోసం చూస్తోంది, కళ్ళ నిండా నీళ్ళతో, మొగుడి ప్రాణం కోసం.

"ఆయన దిగిపోయాడు చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రి. "నేను చూశాను."

"నిజంగానా? దెబ్బలేం తగల్లేదు కదా?"

"ఏం తగల్లేదు."

"అన్నం తిన్నారా?"

"తిన్నాడు. రెండుసార్లు తిన్నాడు. నిన్ను మీ అన్నయ్యతో వెళ్ళమన్నాడు."

"ఆయనే చెప్పారా?"

"ఆయనే చెప్పాడు."

ఆమె మొహం తేటపడింది. ఆయన చెప్పారంటే ఇంకేముంది? కళ్ళు తుడుచుకుని, ఆటో ఎక్కి, అన్నయ్య పక్కన సర్దుకుని కూర్చుంది. కదిలే ముందు తల బయటికి పెట్టింది.

"ఆయన్ని కాస్త చూస్తూ ఉండండి అన్నయ్యగారూ. కింద మనిషి లేకపోతే ఆయనకు భయం. పైకి చెప్పరు గానీ, భయమే."

"చూస్తూ ఉంటా చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రి.